కలవని గీతలు

చిక్కబళ్ళాపురంలో కప్‌బోర్డులు చేసే ఒక షాపులో, కస్టమర్లకు ముందుగా బొమ్మ గీసి చూపించే పని ఖాళీ ఉందని తెలిసింది. పెట్టెను ఒక మూల నుంచి చూస్తే ఎలా కనబడుతుందో అలా గీయడం రావాలి. నాకు రాదు. బాగేపల్లిలో ఉండే నా కాలేజీ స్నేహితురాలికి వచ్చు.

"వెనక్కి పొయ్యే గీతలన్నీ దూరంగా ఒకే చుక్కలో కలవాల మే. దినమూ గీసి ఫోటో పంపు, నేను చూస్తా" అంది.

చింతామణిలో మా ఇంట్లో కూర్చుని రోజూ ఇరవై పెట్టెలు గీసి పంపేదాన్ని. మొదటి వారం ప్రతి తప్పు మీదా ఎర్రగీత పెట్టింది. తర్వాత రెండు నెలలూ ఒకటే జవాబు: "బాగుండాయి." ఆ మాట చూసుకుని ఎంత మురిసిపోయానో!

షాపులో ఆ పనికి పెట్టిన పరీక్ష రోజు వెళ్తే ఆమె కూడా అక్కడ కూర్చుని ఉంది. షాపు యజమాని నా పెట్టె మీద స్కేలు పెట్టి గీతలు పొడిగించాడు. దూరం పోయేకొద్దీ అవి విడిపోయాయి. ఆమెవి కలిశాయి.

బస్టాండులో అడిగాను. "తప్పని నీకు తెలుసు కదా?"

"తెలుసు మే. మొదట్లో నేర్పించాలనే ఉండె. తర్వాత నేనూ అర్జీ వేస్తి. ఉండేది ఒక్క పనే కదా."

"ఆ మాటే చెప్పుంటే ఇంకెవర్నైనా అడుగుతా ఉంటిని."

ఆమె బాగేపల్లి బస్సెక్కింది.

తప్పు గీతకే అలవాటైన నా చేతిని దారికి తెచ్చుకోవడానికి మళ్ళీ మూడు నెలలు పట్టింది. పండగలకు ఆమె మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. నేను తెరవను.