నా ఫోన్లో నర్సక్క పేరు

రాయ్‌పూర్‌లో మా ప్రార్థన కూటంలో ఒకే పేరున్న అక్కలు నలుగురు. అందుకే ఫోన్లో ఒక్కొక్కరికీ ఏదో ఒక తోక తగిలించుకునేవాళ్ళం. పండరీ బజారు అక్క, రైల్వే క్వార్టర్స్ అక్క, కళ్ళజోడు అక్క. నాలుగో ఆవిడ నర్సు, కాకినాడ వైపు నుంచి వచ్చింది. మొగుడు వదిలేశాడని నాకొక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. మోవాలో గది అద్దెకిచ్చిన ఇంటావిడతో మాత్రం ఆయన దుబాయ్‌లో ఉన్నాడని చెప్పింది. ఒంటరి ఆడదానికి ఆ ఇంట్లో గది ఇవ్వరు.

నాది హిందీ మీడియం చదువు. అప్పట్లో ఫోన్లో తెలుగు కొట్టడం చేతనయ్యేది కాదు. ఆవిడ నంబరుకి "నర్స్ దీదీ, పతి నే ఛోడ్ దియా" అని హిందీలో పేరు పెట్టుకున్నాను. మొగుడు వదిలేసిన నర్సక్క అని. నా ఫోన్ ఎవరు చూస్తారులే అనుకున్నాను.

తర్వాత ఒక యాప్ వచ్చింది. కాల్స్ ఉచితం, మెసేజ్‌లు ఉచితం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎవరిదో కూడా చెప్తుంది. బదులుగా నా ఫోన్లోని పేర్లూ నంబర్లూ అన్నీ తీసుకుంటానంది. ఊరికే వస్తుంటే వద్దంటానా? సరే అని నొక్కేశాను. ఇస్తున్నవి ఎవరివో ఆలోచించనైనా లేదు, సిగ్గులేనిదాన్ని.

నెల తిరక్కుండా అక్క మా ఇంటికొచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"మకాన్‌మాలికిన్ గది ఖాళీ చెయ్యమందే. మొగుడు వదిలేస్తే దుబాయ్ అని అబద్ధమాడతావా అని ఝగడా పెట్టుకుంది. నువ్వేమన్నా అన్నావా?"

"ఒట్టు అక్కా, నేనెవరికీ చెప్పలేదు" అన్నాను. అప్పటికి అది నిజమనే అనుకున్నాను.

సామాన్లు సర్దడానికి నేనూ వెళ్ళాను. అక్క లోపల గిన్నెలు మూట కడుతుంటే, ఇంటావిడ గుమ్మంలో నన్నాపి తన కొత్త ఫోన్ చూపించింది. పాత నంబర్లు ఇంకా ఎక్కించుకోలేదట, ఆ యాప్ మాత్రం పెట్టుకుందట. అక్క ఫోన్ చేస్తే తెర మీద ఈ పేరు పడిందట. చదివాను. నా ఫోన్లోంచి యాప్ తీసుకున్న నా మాటలే, పొల్లు పోకుండా.

తెలుగులో పెట్టుకునుంటే ఈవిడకి అర్థమయ్యేదే కాదు గదా అనిపించింది. ఆ తెలివికి నామీద నాకే అసహ్యం వేసింది. లోపలికెళ్ళి అక్కకి చెప్పెయ్యాల్సింది. మూట అందుకుని బయటికి నడిచాను.

భన్‌పురి వైపు గది దొరికాక అక్క నంబరు మార్చేసింది. కూటంలో ఎవరికీ ఇవ్వలేదు. నన్ను పక్కకి పిలిచి చీటీ చేతిలో పెట్టింది.

"నీకొక్కదానికే ఇస్తున్నానే. నువ్వు బయటపెట్టవని నాకు భరోసా."

తలూపి తీసుకున్నాను.