కాలెత్తి చూపిస్తేనే టైర్లు

రిమోట్‌తో నడిపే బొమ్మబండ్లమ్మే కొట్టులో ఆవిడని అందరూ టైరక్క అంటారు. రాళ్ళూ గుట్టలూ ఎక్కే మాన్‌స్టర్ ట్రక్కుకి చక్రాలు కావాలని ఎవరొచ్చినా బండి వంక చూడదు. కళ్ళజోడు సవరించుకుని, "ఏదీ, కాలెత్తండి" అంటుంది. బండి వెంట తిరిగిన కాళ్ళే కదా! డాక్టరు నాలుక చూసినంత శ్రద్ధగా బూటు అడుగు చూసి, ఇరుక్కున్న మట్టిని పిన్నీసుతో గీకి, వేళ్ళ మధ్య నలుపుతుంది. ఆ తర్వాతే అరలో చెయ్యి పెడుతుంది.

రేపు పందెమనగా ఒక బ్యాంకు గుమాస్తా వచ్చి, గోడకున్న అన్నిటికంటే పెద్ద టైర్ల మీద మనసు పడ్డాడు. "మాది మెత్తటి మట్టక్కా, ఇవైతే అదిరిపోతాయి." అబద్ధమాడలేదు పాపం, అలాంటి టైర్లు కనిపిస్తే ఎవరికైనా నేల మెత్తగానే తోస్తుంది. ఆవిడ అతని బూటులోంచి రెండు కంకరరాళ్ళు ఊడదీసి బల్లమీద పెట్టింది. "మరి ఇవెక్కడివి తమ్ముడూ? ఈ నేలమీద అంత బరువు టైర్లేస్తే లోపల గేర్ల పళ్ళు రాలిపోతాయి." పొట్టివి, గట్టివి నాలుగు చేతిలో పెట్టింది. అతను మొహం గంటు పెట్టుకుని వెళ్ళాడు.

నిన్న మళ్ళీ వచ్చాడు. గెలిచాడో ఓడాడో చెప్పలేదు. గుమ్మంలోనే గోడ పట్టుకుని, ఆవిడ అడక్కముందే కాలెత్తాడు.