లింకు కింద కనిపించిన ఒక్క వాక్యం

నేను చేసిన వెధవ పనులను జనం చాలావరకు మర్చిపోయారు. దీన్ని మాత్రం మర్చిపోరు, ఎందుకంటే ఇది వాళ్ల ఫోన్లలోనే ఉంది. నవ్వుకోండి, పర్వాలేదు. నేనూ నవ్వాలనే చూస్తున్నాను, ఇంకా రావడం లేదు.

అప్పట్లో శంషాబాద్‌లో మేము పై వాటాలో ఉంటే, కింది వాటాలో మహమూద్ భాయ్ కుటుంబం ఉండేది. ఆయన ఏళ్ల తరబడి ఎవరెవరివో కార్లు నడిపి, చివరికి సొంతంగా ట్రావెల్స్ పెట్టుకున్నాడు. మాది కోనసీమ. నాకు ఆఫీసు ఉద్యోగం, దానికి తోడు నాలుగు వీడియోలు చూసి సంపాదించిన వెబ్‌సైట్ల పాండిత్యం.

"మీకివన్నీ ఏం తెలుస్తాయి భాయ్, నేను చేసిపెడతాను" అన్నాను. అడక్కుండానే! ఆ ఒళ్లు కొవ్వు చూడండి.

ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్ వాళ్లు తమ అతిథులను తీసుకొచ్చే పని ఆయనకిచ్చేలా ఉన్నారు. "ముందు మీ సైటు పంపండి, చూస్తాం" అన్నాడట మేనేజర్. ఇంటిల్లిపాదీ దాని మీదే ఆశ పెట్టుకున్నారు.

భాయ్ చదువు ఉర్దూలో. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. అందుకని కంటికి కనిపించినదాన్నల్లా పట్టుకున్నాడు.

"తమ్మీ, ఫొటోల కారు జర తెల్లగ చెయ్యి."

చేశాను.

"అరె, గిట్ల కాదు. సున్నం కొట్టినట్టున్నది."

మళ్లీ చేశాను. అలా ఆరుసార్లు. ఏడోసారి మెట్లెక్కి వచ్చాడు.

"అందరి లింకుల కింద ఫొటో వస్తది, పేరొస్తది. నా దానికి రాదేంది?"

లింకు పంపగానే కింద చిన్న పెట్టెలో బొమ్మ, పేరు, ఒక వాక్యం వస్తాయి చూశారా, వాటిని పేజీ లోపల మెటా ట్యాగుల్లో రాయాలి. పేజీ తెరిచి చూస్తే అవి కనిపించవు. లింకు ఎవరికైనా పంపితేనే బయటపడతాయి. ఈ రెండో ముక్క చెప్పే దాకా ఆ వీడియో చూసే ఓపిక మన పండితుడికి లేకపోయింది.

బొమ్మ పెట్టాను, పేరు పెట్టాను. వివరణ దగ్గర ఒళ్లు మండి, తర్వాత మార్చొచ్చులే అని ఇలా రాశాను: "కారు తోలుకునేవాడికి వెబ్‌సైటొకటి, దానికి మళ్లీ సోకులు!" పేజీ తెరిచాను. ఆ మాట ఎక్కడా లేదు. హమ్మయ్య అనుకుని మర్చిపోయాను.

మర్నాడు శుక్రవారం. నమాజు చేసుకుని వచ్చి, భాయ్ ఆ లింకును చుట్టాలకు, డ్రైవర్ల గ్రూపుకు, హోటల్ మేనేజర్‌కు పంపేశాడు. మొహం వెలిగిపోతూ పైకొచ్చాడు.

"ఫొటో మస్తుగొచ్చింది తమ్మీ! మేనేజర్ సాబ్ గూడ ఖుష్. చూడు, ఎన్ని నవ్వు బొమ్మలు పెట్టిండో!"

చూశాను. తెల్లటి కారు. దాని కింద నా వాక్యం.

"ఒక్క నిమిషం భాయ్, చిన్న మార్పు..." అంటూ కంప్యూటర్ మీద పడ్డాను. పేజీలో మార్చాను. ఏం లాభం? పంపిన మెసేజీలు పంపినట్టే ఉన్నాయి. ఈలోపు వాళ్లమ్మాయి నాజియా, డిగ్రీ చదువుతోంది, తన ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది.

"అబ్బాజాన్, ఇదేంది?" అని వాక్యం మొత్తం పైకి చదివింది.

"అది... టెస్టింగ్ కోసం భాయ్..."

భాయ్ అరవలేదు. అరిస్తే బతికిపోయేవాణ్ణి.

"పంపే ముందు పేజీ మొత్తం నాజియా చదివి చెప్పింది. గా మాట యాడా లేకుండె" అన్నాడు మెల్లగా. "లోపల పెట్టుకున్నవ్ గదా."

హోటల్ పని ఇంకెవరికో పోయింది. నేను చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "పోనీ, అయిపోయింది గదా" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం పొద్దున వాన. బస్సు కోసం తడుస్తూ నిలబడ్డాను. ఆయన కారు నా ముందు ఆగింది. భాయ్ దిగి, గొడుగు పట్టి, వెనక తలుపు తీశాడు.

"కూసోండి సార్."

నేను ముందు తలుపు వైపు కదిలాను. ఆయన కదల్లేదు. వెనకే కూర్చున్నాను. అక్కడే, తడిసిన బట్టల్తో, కారు పైకప్పు సాక్షిగా ప్రమాణం చేశాను: మనిషి ఎదుట నిలబడి అనలేని మాటను ఈ జన్మలో ఏ ట్యాగులోనూ రాయను.

ప్రమాణం పూర్తయ్యేసరికి ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. మా ఆఫీసు ఎక్కడో ఆయనకు తెలుసు.

"యాడ దింపాలె సార్?" అని అడిగాడు.