క్లోజ్ ప్రాక్సిమిటీ, మూడు వారాలు

కొత్త ఇంగ్లీషు మాట ఒకటి దొరికితే, దాన్ని ఎక్కడో ఒకచోట వాడేదాకా నాకు అన్నం సయించని రోజులవి. నోటితో వాడే ధైర్యం లేదు కాబట్టి డైరీలో వాడేదాన్ని. డిగ్రీ అయిన ఏడాది అలా దొరికిన మాట ‘ప్రాక్సిమిటీ’. దగ్గరగా ఉండడం అని అర్థం. ఆ వారమే చీపురుపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడికి టీచరు కావాలని తెలిసింది. దగ్గర్లో ఉండేవాళ్లకే ఇస్తారట. మాది నెల్లిమర్ల, పొద్దున్నే పాసింజరు ఎక్కాలి. ఇది రాకపోతే మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. (అక్కడ చదవడానికి దొరికేవి బస్తాల మీది అక్షరాలే.) ఏం చెయ్యనని అమ్మమ్మని అడిగితే, “సీపురుపల్లి దూరమేటే? మీ పిన్ని ఉన్నాది కదా. మనోలున్న ఊరు దూరమెలాగవతాది?” అంది. మా ఇంట్లో కిలోమీటర్ల లెక్క లేదు. చుట్టాలుంటే ఒడిశాలోని రాయగడైనా దగ్గరే, ఎవరూ లేకపోతే పక్క ఊరైనా దూరమే. ఆ ధైర్యంతో దరఖాస్తులో, బడికి ‘క్లోజ్ ప్రాక్సిమిటీ’లో నివసిస్తున్నానని ఇంగ్లీషులో రాసేశాను. ‘క్లోజ్’ అక్కర్లేదని తెలుసు. అందం కోసం పెట్టాను.

పెద్ద మేడం ఆ వాక్యం రెండుసార్లు చదివి, ఉద్యోగంతోపాటు బడి తాళంచెవులు కూడా నా చేతిలో పెట్టారు. “అందరికన్నా దగ్గర నువ్వే కదమ్మా. పొద్దున్న గేటు నువ్వే తీసీయ్.” కాదనడానికి నోరు రావాలి కదా. తలూపాను. మూడు వారాలు చీకటితో లేచి, రైలు దిగి పరిగెత్తి, కాకుల కన్నా ముందే గేటు తీశాను. నాలుగో వారం మొదటి రోజే రైలు ఏదో గూడ్సుకు దారిస్తూ పొలాల మధ్య నిలబడిపోయింది. తాళంచెవులు నా సంచిలో, బడి మొత్తం గేటు బయట. ఫోను మోగింది.

“ఎక్కడున్నావమ్మా?”

“దగ్గర్లోనే ఉన్నానండి,” అన్నాను. సరిగ్గా అప్పుడే ఇంజను కూత వేసింది.

నేను చేరేసరికి పిల్లలు రోడ్డు మీద కబడ్డీ ఆడుకుంటున్నారు, పండగలా ఉంది. మేడం గదిలోకి పిలిచి నా దరఖాస్తు ముందు పెట్టారు. ఇక ఎరువుల కొట్టే అనుకున్నాను.

“ఇక్కడేటి రాసినావో సదువు. దీనర్థమేటి?”

“మా పిన్ని ఇక్కడే ఉంటాదండి,” అన్నాను.

“పిన్నా? ఏ ఇల్లు?”

కిటికీలోంచి చూపించాను. బడికి మూడో ఇల్లు. మేడం కిటికీ దగ్గరకొచ్చి తొంగిచూశారు. “ఇక్కడ పిన్నిని ఎట్టుకుని రైల్లో రావడమేటే పిల్లా? రేపట్నుంచి అక్కడుండు.” (ఆవిడా మా వైపు మనిషే. లెక్క ఇట్టే అర్థమైంది.)

ఆ సాయంత్రమే పిన్ని ఇంటికి చేరాను. ఇక రైలు లేదు, పరుగు లేదు. మూడిళ్లే కదా, పుస్తకంలో ఈ పేజీ అయ్యాక వెళ్దాం అనుకునేదాన్ని. ఆ పేజీ ఏనాడూ బడి గంట వేళలోపు అవలేదు. రెండో వారానికి తాళంచెవులు గరివిడి నుంచి సైకిలు మీద వచ్చే లెక్కల మాస్టారికి వెళ్లిపోయాయి. ఆ నిజం రాయడానికి డైరీలో కూడా సిగ్గేసింది. కానీ చీకట్లో రైలు కోసం పరిగెత్తిన ఆ అబద్ధాల పిల్లంటే నాకిప్పటికీ ముద్దే. ఆ మూడు వారాలూ బడికి ఆ పిల్లకన్నా దగ్గరగా ఇంకెవరూ లేరు.