మెట్ల దగ్గర ఆంటీ

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్నంత మాత్రాన కొత్తగా పుట్టుకొచ్చిందీ లేదు. పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఎవరైనా వచ్చి ఏదో తేడాగా జరిగిందంటే మళ్లీ చేసి చూపించమంటాను, చూపించలేకపోతే ఫైల్ మూసేస్తాను. ఇంట్లోనూ ఇదే వరస, కావాలంటే మా ఆయన ప్రసాద్‌ని అడగండి. ఈ ఒక్క విషయం మాత్రం మూడేళ్లుగా నాకు కొరుకుడు పడటం లేదు.

మేముండేది నార్త్ కరోలినాలో, క్యారీలో. మా అమ్మాయి ఆద్యకి అప్పుడు ఐదేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడేది, గడప దాటితే నోరు పెగిలేది కాదు. ప్రీస్కూల్లో రెండేళ్లూ ఒక్క మాట మాట్లాడలేదు. చెవుల పరీక్షలు చేయించాం, థెరపిస్ట్ దగ్గరికి తిప్పాం. పిల్లలు తక్కువగా ఉండే చోట వేయమని ఆవిడే చెబితే, ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక ప్రైవేట్ డే స్కూల్లో చేర్చాం.

పాత స్కూలే. ఎవరో పెద్దాయన రెండంతస్తుల ఇంట్లో గుప్పెడు మంది పిల్లలతో మొదలుపెట్టాడట. తర్వాత ఆ ఇల్లు కూలగొట్టి అదే జాగాలో ఇప్పటి కిండర్‌గార్టెన్ కట్టారు. ఇల్లు పోయినా ఆనాటి ఆచారం ఒకటి ఇంకా ఉంది. రోజూ పొద్దున అసెంబ్లీ హాలు తలుపు దగ్గర ప్రిన్సిపాల్ నిలబడి పిల్లలందరికీ షేక్‌హ్యాండ్ ఇస్తారు. పిల్లలు ఆవిడ కళ్లలోకి చూసి, గుడ్ మార్నింగ్ చెప్పి, తమ పేరు చెప్పి లోపలికి వెళ్లాలి. ఆద్య మాత్రం చేతులు రెండూ వెనక్కి దాచుకుని, నేల చూపులు చూస్తూ వెళ్లేదట.

అక్టోబర్‌లో దాని టీచర్ మిస్ కెల్లీ నన్ను పిలిచారు. మంచి మనిషి, మాటలు ఏరుకుని మరీ చెప్పారు. క్రిస్మస్ సెలవుల లోపు కాస్తయినా మార్పు కనపడకపోతే, ఈ స్కూలు ఆద్యకి సరైన చోటు కాదేమో అన్నారు. పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఏడ్చాను.

ఆ రోజు నుంచి ఇంట్లో యుద్ధమే. పళ్లు తోముతూ పేరు చెప్పమనేదాన్ని, కార్లో బెల్టు పెడుతూ పేరు చెప్పమనేదాన్ని. బొమ్మలు కొంటానని ఆశపెట్టాను, బెదిరించాను కూడా. కొన్నాళ్లకి అది నా మొహంలోకి చూడటం మానేసింది.

నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు వారం ఒక సాయంత్రం, కారెక్కుతూనే అంది.

"అమ్మా, మెట్ల దగ్గర ఆంటీకి నా నేమ్ చెప్పాను."

నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఆంటీ ఎవరని అడగనే లేదు. మన పిల్లలకి పెద్దవాళ్లందరూ ఆంటీలే కదా. ఆద్య పళ్ల డాక్టర్‌నీ ఆంటీ అనేది, ఉత్తరాలు తెచ్చే ఆవిడనీ ఆంటీ అనేది. స్కూల్లో ఎవరో టీచరో, వాలంటీర్‌గా వచ్చిన తల్లో అనుకున్నాను. మిస్ కెల్లీ అయితే ఆ ఆంటీ పేరేమిటని మొదటిరోజే అడిగి ఉండేవారు. నాకు మూడు వారాలపాటు తట్టలేదు.

ఆ మూడు వారాల్లో మాటల మధ్య తెలిసింది తక్కువే. ఆంటీ కింది మెట్టు మీద కూర్చుంటుంది. ఆద్య షూ లేసులు విప్పి మళ్లీ కడుతుంది. లేసుల సంగతి నేనూ చూశాను. పొద్దున నేను వేసిన ముడి వేరు, సాయంత్రం ఇంటికి వచ్చే ముడి వేరు. రెండు ముళ్లు గట్టిగా బిగించి, మిగిలిన కొసలు షూ పక్కలోకి దోపి ఉండేవి. ఆంటీ ఏం మాట్లాడుతుందని ఒకసారి అడిగాను.

"ఏం టాక్ చెయ్యదు. నేను చెప్పేదాకా వెయిట్ చేస్తుంది."

డిసెంబర్‌లో ఒకరోజు నేను మీటింగ్‌లో ఉండగా మిస్ కెల్లీ ఫోన్ చేశారు. ఆ పొద్దున ఆద్య ప్రిన్సిపాల్ చెయ్యి పట్టుకుని, గుడ్ మార్నింగ్ చెప్పి, తన పేరు చెప్పిందట. వెనక వరసలో పిల్లలకి కూడా వినపడిందట. నేను మీటింగ్ సంగతే మరిచిపోయి ఏడ్చేశాను.

మర్నాడు కాజూ కట్లీ డబ్బా పట్టుకుని స్కూలుకి వెళ్లాను, మెట్ల దగ్గర ఆంటీకి ఇద్దామని. మిస్ కెల్లీకి నేను అడిగేది అర్థం కాలేదు. కిండర్‌గార్టెన్‌లో మెట్లు లేవన్నారు. నిజమే, అది ఒకటే అంతస్తు. అంతకుముందు ఎన్నిసార్లు వెళ్లానో, నా బుర్రకి అది తోచలేదు.

అప్పుడు నాకు వేసింది దయ్యం భయం కాదు. ఎవరో బయటి మనిషి లోపలికి వచ్చి నా పిల్లని ముట్టుకుంటున్నారన్న భయం. స్కూలు వాళ్లూ నాకంటే ఎక్కువే కంగారుపడ్డారు. వెంటనే ప్రిన్సిపాల్ తన గదిలో కూర్చోబెట్టి కారిడార్ కెమెరా రికార్డింగ్ చూపించారు.

నాలుగు రోజులవి చూశాం. నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఆద్య పిల్లల బ్యాగులు తగిలించే గోడకి తన బ్యాగు తగిలించి, ఆ గోడ చివర నేల మీద కూర్చుంటుంది. ఒక కాలు ముందుకు చాపుతుంది. పక్కనుంచి పిల్లలు వెళ్తూనే ఉంటారు. దాని ఎదురుగా ఎవరూ లేరు. అయినా తల కొద్దిగా పైకెత్తి చూస్తుంది, మెట్టు మీద కూర్చున్న మనిషి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత పైకి. పెదాలు కదులుతాయి. అరుగులాంటి బల్ల ఒకటి అడ్డం ఉండటంతో పాదాలు కెమెరాకి కనపడవు. చివర్లో లేచి, కుడి చెయ్యి చాపి, రెండుసార్లు కిందికీ పైకీ ఊపి వెళ్లిపోతుంది.

ప్రిన్సిపాల్ వీడియో ఆపేశారు.

పిల్లలకి ఊహల్లో స్నేహితులుండటం మామూలేనని, లేసులు అదే కట్టుకుంటోందని ప్రసాద్ తేల్చేశాడు. శనివారం దాని ముందు షూ పెట్టి కట్టమన్నాను. అరగంట చూశాను, రెండు లేసులు ఒకదాని మీద ఒకటి వేయడం కూడా దానికి రాలేదు. చివరికి నా మీద విసుక్కుని లేచిపోయింది.

గురువారాలు నేను ఆ స్కూలు లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి వెళ్లేదాన్ని. లైబ్రేరియన్ మిసెస్ హాల్ చిన్నప్పుడు ఆ పాత ఇంట్లో చదువుకున్నావిడే. ఆ తర్వాతి గురువారం స్కూలయ్యాక ఆద్య వచ్చి తివాచీ మీద కూర్చుంది. మిసెస్ హాల్ దాని షూ వైపు చాలాసేపు చూసి, ఈ ముడి ఎవరు వేశారని అడిగారు. తెలియదన్నాను. అబద్ధం కాదు కదా. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

పాత ఇంట్లో గుమ్మం పక్కనే మెట్లుండేవట. ఒకటో క్లాసు టీచర్ రోజూ పొద్దున కింది మెట్టు మీద కూర్చుని పిల్లల లేసులు కట్టేదట. ఒక పిల్ల లేసు తొక్కుకుని పడి పన్ను విరగ్గొట్టుకున్నప్పటి నుంచి కొసలు లోపలికి దోపేదట. మిసెస్ హాల్‌కి చిన్నప్పుడు నత్తి. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లేముందు రోజూ ఆ టీచర్‌కి తన పేరు చెప్పి వెళ్లేవారట.

"ఎంతసేపు పట్టినా సరే, నా బదులు ఆవిడ చెప్పేసేది కాదు," అన్నారు.

ఆ టీచర్ చనిపోయేటప్పటికి మిసెస్ హాల్ కాలేజీలో ఉన్నారట. మెట్ల గురించి అంతవరకూ నేను మిసెస్ హాల్‌కి ఒక్క ముక్క చెప్పలేదు. మిస్ కెల్లీని, ప్రిన్సిపాల్‌ని తర్వాత విడివిడిగా అడిగాను, వాళ్లూ చెప్పలేదన్నారు. ఆ మెట్లు ఎక్కడుండేవని మిసెస్ హాల్‌ని అడిగితే కారిడార్‌లోకి తీసుకెళ్లి చూపించారు. బ్యాగుల గోడ చివర.

బీరువాలో ఆ టీచర్ ఫోటో ఉంది, ఆద్యకి చూపిద్దామా అన్నారు. వద్దన్నాను. అది గుర్తుపడితే ఏం చెయ్యాలో, గుర్తుపట్టకపోతే ఏం చెయ్యాలో, రెండూ నాకు తెలియలేదు.

ఆద్య సీటు నిలిచింది. జనవరి నుంచి అది ఆ గోడ దగ్గర కూర్చోలేదని ప్రిన్సిపాల్ చెప్పారు. ఆంటీ రావట్లేదా అని అడిగితే, "నాకు చెప్పడం వచ్చేసింది కదా," అంది మామూలుగా.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. క్లాసులో మాటలు తగ్గించమని టీచర్లే నాకు ఈమెయిల్ పెడుతున్నారు. పోయిన నెల ఉండబట్టలేక మెట్ల దగ్గర ఆంటీ గుర్తుందా అని అడిగాను. నిజంగానే ఆలోచించింది.

"ఏ ఆంటీ?" అంది.

ప్రసాద్ ఆ ఊసెత్తడు. మిసెస్ హాల్ రిటైరై వెళ్లిపోయారు. పిల్ల మరిచిపోయింది. ఆవిడని ఒక్కసారి కూడా చూడని నేనే ఆవిడని తలుచుకుంటూ ఉంటాను. నా బిడ్డ నోరు విప్పేదాకా ఓపిగ్గా దాని ఎదురుగా కూర్చోవలసిన మనిషిని నేను. ఆ చోట ఎవరు కూర్చున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.