కాటా ఎక్కని పాప

చలికాలం పొద్దున బోధన్ వైపు చెరుకు తోటల మధ్య స్కూటీ మీద పోతుంటే, నేను నిద్ర లేచానో లేదో నాకే అనుమానం. మంచులో తోట కనపడదు. పైన తెల్లటి పూత మాత్రం గాలిలో తేలుతూ ఉంటుంది. ఎక్కడినుంచో బెల్లం వండుతున్న వాసన. నేను ఆశా కార్యకర్తను. బాలింతల ఇళ్ళకు పోయి పసిపిల్లల్ని తూచడం, తల్లి తిన్నదా, పాలు పడుతున్నాయా అని అడగడం నా పని. అంత మెత్తటి పొద్దున ఎవరి మీదైనా కోప్పడటం కష్టమే. అయినా నా నోరు ఊరుకోదుగా, ఆ రోజు కోప్పడ్డాను.

కాలువ దాటితే లంబాడీ తండా. అక్కడొక ఇంట్లో నెలలు నిండకుండానే పాప పుట్టింది. దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. పాపను ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచాలి. వారంలో బరువు పెరగకపోతే నిజామాబాద్ పెద్దదవాఖానకు తీసుకుపోవాలి, లేకుంటే పిల్ల దక్కదు. నేను సంచిలోంచి తరాజు తీసి, కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించాను. పాప నాయనమ్మ వచ్చి అడ్డంగా కూచుంది. పాతకాలపు మనిషి, ఒంటి మీద అద్దాల రవిక తళతళలాడుతోంది.

“కాటా మీద చెరుకునేస్తరు. నా మనుమరాలినెందుకేస్తవ్?”

“బరువు తెల్వద్దా అవ్వా?”

“తెలిసి ఏంజేస్తవ్? కాటా కాడ నిలవెడితే ఎండుతది. నాకెర్కే.”

నాకు చిర్రెత్తింది. “పిల్ల పానం కంటే నీ మొండితనం ఎక్కువైందా?” అన్నాను. పాప తల్లి, పాలిపోయిన ముఖంతో, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడు ముసలామె ఎవరూ అడగకుండానే చెప్పుకొచ్చింది, వేరే ఎవరికో చెబుతున్నట్టు గుమ్మంలోకి చూస్తూ. వయసులో ఉన్నప్పుడు ఆమె, ఆమె పెనిమిటి చెరుకు కొట్టే కూలీలు. చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో రాత్రింబగళ్ళు పడిగాపులు కాసేవాళ్ళు. కాటా దాకా పోయేసరికి చెరుకు ఎండి తూకం తగ్గేది. ఆ బండి నీడలోనే ఆమె తొలిచూలు ఆడపిల్ల పడుకునేది.

“చెరుకెండింది, బిడ్డెండింది. మా బండి కాటా ఎక్కేటాళ్ళకు బిడ్డ లేదు.”

నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దవాఖానలో తూచిన బరువు ఎట్లాగూ నాకు తెలుసు కాబట్టి తరాజు పక్కన పెట్టేశాను. ఆమె పక్కన కూచుని అడిగాను.

“చెరుకు ఎండకుండ ఏం జేసేటోళ్ళు అవ్వా?”

“ఆకు కప్పుతుంటిమి.”

“గట్లనే ఈ పాపకు నువ్వు ఆకువు. కోడలు తినేటప్పుడు, పండుకున్నప్పుడు నీ ఎద మీద ఏసుకో. తరాజు సంగతి వారం తర్వాత సూద్దాం.”

ముసలామె పాపను అందుకుని ఎదకు ఆనించుకుంది. అద్దం చల్లగా తగిలి పాప ముఖం ముడుచుకుంది. ముసలామె ఒక్క క్షణం ఆగి, పాపను నా చేతికిచ్చి, అటు తిరిగి రవిక ముడి విప్పింది. అత్త ఆ రవిక లేకుండా ఉండటం పెళ్ళైనప్పటి నుంచి చూడలేదని కోడలు గుసగుసగా చెప్పింది. రవికను మేకుకు తగిలించి, పాపను ఒంటికి ఆనించుకుని దుప్పటి కప్పుకుంది. గుమ్మంలోంచి ఎండ అద్దాల మీద పడింది. గోడ నిండా వెలుగు చుక్కలు నిదానంగా కదిలాయి. ఎంతసేపు చూస్తూ కూచున్నానో గుర్తులేదు.

ఆ వారమంతా చెరుకు పూత చూసినా, కాలువ నీళ్ళు చూసినా నాకు ఆ చుక్కలే కనపడ్డాయి. మళ్ళీ తండాకు పోయే రోజు భయమేసింది. బరువు పెరగకపోతే ఆ ముసలామె ముఖం ఎట్లా చూడాలి?

రవిక ఇంకా మేకుకే ఉంది. ముసలామె పాపను దుప్పట్లోంచి తీసి తనే నాకందించింది.

“కాటా మీద ఏయ్,” అని గోడ వైపు తిరిగింది.

పాప ఉయ్యాలలో కాళ్ళు తన్నింది. ముల్లు కుదురుకునే దాకా నేను దాని మీదనుంచి చూపు తిప్పలేదు.

“తగ్గిందా?”

“పెరిగింది అవ్వా. మంచిగ పెరిగింది.”

ముసలామె ఇటు తిరిగింది. నేను పాపను దించబోతే నా మణికట్టు పట్టుకుంది.

“దించకు బిడ్డా,” అంది. “జరసేపు కాటా మీదనే ఉండనియ్యి.”