భుజం దాకా చెయ్యి

మా చిన్నాయన ఆదోనిలో పత్తి వ్యాపారి. కుప్ప కనిపిస్తే చాలు, చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా లోపలికి దూర్చేవాడు. అడుగున దొరికిన పిడికెడు పత్తిని వెలుతురులో పట్టుకుని, "ఇది యాడ పండిందప్పా?" అని అడిగేవాడు. మిగతా వ్యాపారులు పైపైన చూసి ధర చెప్పేవాళ్లు. ఈయనకెందుకీ పట్టింపో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక ఏడాది తుగ్గలి వైపు ఒకడు ఒంటరి ఆడమనిషి చేను ఆక్రమించి పత్తి వేసినాడు. ఆ పత్తి ఎవరూ కొనకూడదని వ్యాపారులంతా మాట అనుకున్నారు. అయినా అది అమ్ముడుపోతానే ఉందని ఆమె చిన్నాయన దగ్గరికి వచ్చి ఏడ్చింది.

ఆ వారమే చిన్నాయన బావమరిది నందవరం నుంచి పత్తి తెచ్చినాడు. చిన్నాయన చెయ్యి దూర్చినాడు. నందవరంలో అతని చేను నల్లరేగడి. లోపల్నుంచి వచ్చిన పత్తికేమో తుగ్గలి వైపు ఎర్రమన్ను అంటుకుని ఉంది.

"పైన నీది, లోపల ఆయమ్మది. ఇంక నీ పత్తి గూడా కొనేది లేదు" అన్నాడు.

చిన్నమ్మ వారం దినాలు ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత, తమ పత్తి గూడా కొనరన్న భయంతో, ఆ పత్తిని తమదాంట్లో కలిపి మోయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అమ్ముకోలేక వాడు చేను వదిలేసినాడు. మరుసటి వానలకు ఆ తుగ్గలామె తన చేను తానే దున్నించుకుంది.

మొన్న టీవీలో వార్త వచ్చింది. యుద్ధంలో ఆక్రమించిన నేల మీది గోధుమలు, ఆంక్షలున్నా, వేరే దేశం పేరుతో ఓడలెక్కుతున్నాయంట.

"ఇన్ని దేశాలు వద్దన్నా ఎట్ల అమ్ముడుపోతాండాయి చిన్నాయనా?" అని అడిగినాను.

ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. ఊరికే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, "ఆ ఓడ ఎవురి బావమరిదిదో కనుక్కోమను" అన్నాడు.